వార్తల మధ్యలో ఏడ్చిన అక్క

మా ఇంటి నర్సమ్మగారికి,

ఆశీస్సులు పంపాలో నమస్కారాలు పంపాలో పెళ్ళయిన ఇన్నేళ్ళకీ తేల్చుకోలేక, ఎప్పటిలాగే రెండూ కలిపి పంపుతున్నాను. నీకు సరిపడేవి ఉంచుకుని మిగిలినవి వరద శిబిరంలో ఎవరికైనా పంచిపెట్టు. ఇక్కడ నేనూ, మన లాయరమ్మ కూతురూ, అక్కా ముగ్గురమూ తిండికీ నిద్రకీ లోటు లేకుండా ఉన్నాము. ఆ బురదలో, ఆ గుడారాల మధ్య నీ ఒంట్లో నలత ఏమీ లేదని నమ్ముతున్నాను.

సామాన్ల లారీలో వచ్చిన నీ ఉత్తరం అందింది. ఒక మూల తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. నేనూ పిల్లా కిటికీ దగ్గర వెలుతురులో పెట్టుకుని ఒక్కో మాటా పోల్చుకున్నాం. వంటింటి కుళాయి సంగతి అడిగావు. ప్లంబరు వచ్చి బాగుచేశాడు. ఇప్పుడు కారడం మానేసి ఈల వేస్తోంది. మళ్ళీ పిలిస్తే ఏ రాగం అందుకుంటుందోనని వదిలేశాను. నా బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. మింగానో లేదో పిల్ల నోరు తెరిపించి మరీ చూస్తోంది. జైల్లో ఖైదీకి కూడా ఇంత నిఘా ఉండదు.

"వదినగారు మనింట్లో ఎందుకున్నారు, ఎవరితోనైనా మాట తేడా వచ్చిందా" అని అడిగావు. "పిల్ల నా ఉత్తరాలకి రెండు ముక్కల్లో జవాబు రాస్తోంది, దానికేమైంది" అనీ అడిగావు. కిందటి రెండు ఉత్తరాల్లో ఈ ప్రశ్నలను చూడనట్టు దాటేశాను. రెండింటికీ జవాబు ఒకటే కథ. ఈసారి మొదటి నుంచీ చెబుతాను, తీరిక ఉన్నప్పుడే చదువు.

ముందు పిల్ల సంగతి. నువ్వు బయల్దేరిన కొన్నాళ్ళకి బళ్ళో పిల్లలందరినీ కూర్చోబెట్టి, తగలబడుతున్న అడవుల సినిమా ఒకటి చూపించారు. ఇంటికొచ్చి సంచీ కూడా దించకుండా అడిగింది, "నాన్నా, నేను పెద్దయ్యేసరికి ఏమైనా మిగులుతుందా?" అని. నేనేమని ఉంటానో నీకు తెలియనిదా? "ఏం కాదు తల్లీ. అవన్నీ పెద్దవాళ్ళు చూసుకుంటారు, నువ్వు ముందు భోంచెయ్యి" అన్నాను. మర్నాడు, "వరద మన ఊరికీ వస్తుందా?" అంది. దానికీ అదే జవాబు. నా జవాబు వినీ వినీ విసుగొచ్చిందో, నామీద జాలే కలిగిందో, అడగడం మానేసింది. వాదనకి దిగితే జడ్జీని కూడా బోనెక్కించగల పిల్ల, పిలిస్తే "ఊ" అనడం, అడిగితే "ఏం లేదు" అనడం మొదలుపెట్టింది. బడికి బయల్దేరే వేళకి కడుపు నొప్పి. డాక్టరుగారు కడుపు నొక్కి చూసి, నాలుక చూసి, లోపల ఏమీ లేదన్నారు. నేను అదే పట్టుకుని, "చూశావా, ఏమీ లేదట" అన్నాను దానితో. అది నావైపు చూసి తల తిప్పుకుంది. లోపల ఏమీ లేదని ఇంతమంది చెబుతుంటే అది మాత్రం ఏం చేస్తుంది?

అదే రోజుల్లో అక్క విషయం జరిగింది. అక్క గొంతు గురించి నీకు నేను చెప్పాలా? గడియారం చూడకుండా, రేడియోలో అక్క "వార్తలు" అన్న మాట విని పొయ్యి మీద పాలు పెట్టేవాళ్ళు ఈ ఊళ్ళో ఎందరో ఉన్నారు. యుద్ధమైనా, భూకంపమైనా, కూరగాయల ధరలైనా తొణకని గొంతు. "మీ అక్క చదివితే ప్రళయం కూడా పద్ధతిగా వస్తున్నట్టుంటుందయ్యా" అంటాడు మా బస్సు డిపో మేస్త్రీ.

ఆ పొద్దున బులెటిన్‌లో పెద్ద వార్తలన్నీ చదివింది. మీ వైపు వరదలో పోయినవాళ్ళ సంగతి చదివింది. చివర్లో ఒక చిన్న వార్త మిగిలింది. ఎక్కడో ఒక దీవిలో, ఒక జాతి పక్షుల్లో ఆఖరిది పంజరంలో చచ్చిపోయిందని. "ఆఖరిది" అన్న మాట దగ్గర అక్క ఆగిపోయింది. వర్క్‌షాపులో మేమంతా రేడియో చెడిపోయిందనుకున్నాం. వెల్డరు లేచివెళ్ళి దాన్ని రెండు దెబ్బలు కొట్టాడు కూడా. అప్పుడు ఏడుపు వినిపించింది. అణచుకోబోయి అణచుకోలేకపోయిన ఏడుపు. ఎవరో గబగబా ఏదో వాద్య సంగీతం పెట్టేశారు.

స్టేషన్ డైరెక్టరుగారు మంచివారే. "వార్త మన నోట్లోంచి పోవాలి గానీ గుండెలోంచి పోకూడదమ్మా. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి" అని సెలవిచ్చి పంపారట. ఒంటరి ఫ్లాట్లో కూర్చుని ఏంచేస్తుంది? ఒక సంచీ పట్టుకుని మనింటికి వచ్చింది. ఇక్కడ నా బుద్ధి కూడా విను. గుమ్మంలో అక్కని చూడగానే నాకు పిల్లే గుర్తొచ్చింది. అసలే అది ఇలా ఉంది, దీనికి తోడు ఇదొకటా అనిపించింది. సంచీ అందుకుంటూనే, "అక్కా, ఎన్నాళ్ళైనా ఉండు. పిల్ల ముందు మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకోకు" అన్నాను.

"ప్రయత్నిస్తాను రా" అంది అక్క.

ఒక సాయంత్రం నేను డిపో నుంచి వచ్చేసరికి వాళ్ళిద్దరూ వంటింట్లో నేల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. చెప్పులు విప్పుతుంటే పిల్ల గొంతు వినిపించింది. ఎన్నాళ్ళ తరవాతో, పూర్తి వాక్యం.

"అత్తా, తనే ఆఖరిదని ఆ పక్షికి తెలుసంటావా?"

నేనైతే వెంటనే, "పక్షులకి అవన్నీ ఏం తెలుస్తాయమ్మా" అని ఉండేవాణ్ణి. అక్క ఒలుస్తున్న కాయ చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించింది.

"నాకు తెలీదే. అది కూసినప్పుడు బదులు రాకపోతే ఏమనుకునేదో. చదువుతుంటే అదే తట్టింది. అందుకే ఏడుపొచ్చింది."

"ఇప్పుడూ వస్తోందా?"

"వస్తోంది. మీ నాన్న వద్దన్నాడని ఆపుకుంటున్నాను."

"నాకూ వస్తుంది. నేనూ ఆపుకుంటాను," అంది పిల్ల.

తరవాత ఇద్దరూ ఆపుకోలేదు. నేను గోడ ఇవతల బస్సు సీట్ల రెక్సిన్ ముక్కల సంచీ పట్టుకుని నిలబడ్డాను. లోపలికి వెళ్ళి ఊరుకోబెట్టాలని నా కాళ్ళు ఒకటే తొందర. ఎందుకో వెళ్ళలేకపోయాను. వాళ్ళు ఏడ్చారు. ఒలిచినవి ఒలవనివి కలిసిపోయాయని పిల్ల ముక్కు ఎగబీలుస్తూనే కసిరింది. అక్క నవ్వింది. ఆ పూట పిల్ల మారు వడ్డించుకుని తింది. నెలల తరబడి నేను పోసిన ధైర్యం ఒక ముద్ద కూడా తినిపించలేదు. నాకు అంతుపట్టలేదు గానీ, కళ్ళారా చూసినదాన్ని కాదనలేను కదా.

అక్కని నేను చిన్నప్పటి నుంచీ గట్టిమనిషి అనుకుంటూ వచ్చాను. అమ్మ పోయినప్పుడు కూడా అందరికీ మంచినీళ్ళు అందించింది అక్కే. ఎప్పుడూ చలించదు కాబట్టి గట్టిదనుకున్నాను. ఆ గట్టితనం కింద రోజూ చదివిన ప్రతి వార్తా పోగుపడుతూ వచ్చిందని తనే చెప్పింది. "రోజూ చదివి, కాగితం పక్కన పెట్టి, ఇంటికొచ్చి కూర వండుకునేదాన్ని రా. దేనికీ ఏడవలేదు. అన్నిటి బాకీ ఆ పిట్ట వసూలు చేసుకుంది" అంది. ఆ మాట అంటూ సిగ్గుపడలేదు. అసలు గట్టితనం నాకు అప్పుడు కనిపించింది.

సెలవు అయిపోకుండానే అక్క స్టేషనుకి వెళ్ళింది. వార్తల తరవాత కొద్ది నిమిషాలు శ్రోతలకి ఇమ్మని అడిగింది. లోకం గురించి ఎవరి మనసులో ఏ దిగులుంటే అది ఫోన్ చేసి చెప్పుకోవచ్చునట. డైరెక్టరుగారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారట.

"మనది వార్తల విభాగమమ్మా. ఓదార్చే విభాగం కాదు."

"నేను ఓదార్చను సార్. వింటాను."

"జనం రేడియో కట్టేస్తారు."

"ఇప్పటికే కట్టేస్తున్నారు సార్. మా తమ్ముడు వరద వార్త రాగానే కట్టేస్తాడు. కట్టేసినంత మాత్రాన లోపల ఆగడం లేదు కదా."

చివరికి ఒక వారం చూద్దామని, ఎవరూ వినని మధ్యాహ్నం వేళ, వాతావరణ సూచన తరవాత చోటిచ్చారు. అక్క దానికి "వినే సమయం" అని పేరు పెట్టింది. మొదటి రోజు ఒక్క ఫోనూ రాలేదు. అక్క కంగారు పడలేదు. "ఎవరూ ఫోన్ చెయ్యలేదు, ఫరవాలేదు. ఈలోగా నేనెందుకు ఏడ్చానో చెబుతాను" అని తన సంగతే చెప్పుకుంది. ఈ ఊరంతా వింటుండగా, ఇన్నేళ్ళ పేరుని పక్కన పెట్టి. నా అక్క అని చెప్పడం కాదు గానీ, ఆ పని చెయ్యడానికి నాకైతే ఈ జన్మ చాలదు.

రెండో రోజు ఒకావిడ ఫోన్ చేసింది. వీధి చివరి చెట్టుని రోడ్డు వెడల్పు కోసం కొట్టేశారట. "చెట్టుకోసం ఏడిస్తే నవ్వుతారని ఇంట్లో కూడా చెప్పలేదండీ" అంది. "నేను నవ్వడం లేదు. ఎలా ఉండేదో చెప్పండి" అంది అక్క. ఆవిడ పోయిన మేనమామ గురించి చెప్పినట్టు చెప్పింది, కొమ్మ కొమ్మనీ. అక్క సలహా ఇవ్వలేదు, సర్దిచెప్పలేదు. చివర్లో, "విన్నానమ్మా" అని మాత్రం అంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం. డిపోలో వెనక వరస సీటుకి కొత్త రెక్సిన్ తొడిగి అంచు కుడుతున్నాను. రేడియో కిటికీ అరుగు మీద మోగుతోంది. బడికి సెలవు కావడంతో పిల్ల ఇంట్లోనే ఉంది. రేడియోలో, "నమస్కారమండీ" అన్న గొంతు విని నా సూది ఆగింది.

"నాకు పదకొండేళ్ళు. అడవులు తగలబడుతుంటే నాకు భయం వేస్తుంది. మా అమ్మ నర్సు, వరదల దగ్గరికి వెళ్ళింది. అది కూడా భయమే. రోజూ కడుపు నొప్పి వస్తుంది, కానీ కడుపులో ఏమీ లేదట."

"చెప్పమ్మా" అంది అక్క. మేనకోడలని బయటపెట్టలేదు.

"మా నాన్న ఏం కాదంటాడు. కానీ ఆయనకి కూడా భయమే. వరద అనగానే రేడియో కట్టేస్తాడు. నేను భయపడతానని ఆయన నాకు చెప్పడు. ఆయన భయపడతాడని నేను చెప్పను. అందుకని మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోవడం లేదు."

అక్క, "విన్నానమ్మా. నువ్వు చెప్పినది ఇంకెవరైనా కూడా విన్నారని నా నమ్మకం" అంది.

వెల్డరు ముఖం మీది మాస్కు పైకెత్తి నావైపు చూశాడు. అతను ఎలాంటివాడో నీకు చాలాసార్లు చెప్పాను. చావు ఇంటికి వెళ్ళినా ఒక జోకు వేసి వచ్చే మనిషి.

"అన్నా, మీ పిల్లేనా?"

"మా పిల్లే."

అతను మాస్కు తీసి బల్ల మీద పెట్టాడు. "మేం పుట్టిన వీధి ఇప్పుడు లేదన్నా. సముద్రం తినేసింది. మా ఇల్లు, ఎదురిల్లు, మేం బంతాట ఆడిన జాగా, అన్నీ నీళ్ళలో ఉన్నాయి. ఎవరైనా మీ ఊరేదంటే, చేపల్నడగండి అంటాను. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను." అంతవరకూ చెప్పి, ఆ పైన చెప్పలేక చేతి గ్లవ్వుతో కళ్ళు తుడుచుకోబోయాడు. "ఒరే, దానికంతా మసి ఉందిరా" అని రంగులాయన తన గుడ్డ ఇచ్చాడు. దానికంతా ఆకుపచ్చ పెయింటు. ఏడుస్తూనే నవ్వుకున్నాం.

సొంత సంగతి ఎప్పుడూ ఎత్తని మేస్త్రీ వచ్చి, "టీ తెప్పిస్తున్నాను, అందరూ కూర్చోండి" అన్నాడు. కొత్త సీట్ల మీదే కూర్చున్నాం. ఎవరి దిగులు వాళ్ళు చెప్పుకున్నారు. మేస్త్రీ మాత్రం ఏమీ చెప్పలేదు. టీ తాగడం అయ్యాక, "మా మనవడికి దగ్గు తగ్గదయ్యా, ఈ గాలికి" అని ఒక్కమాట అని లేచిపోయాడు.

ఆ తరవాతి సంగతులు చెప్పేస్తాను. వారం గడిచాక డైరెక్టరుగారు "వినే సమయం"ని సాయంత్రం వార్తల తరవాతికి మార్చారు. ఫోన్లు ఆగడం లేదట. చెట్టు పోయినావిడని వెతుక్కుంటూ అదే వీధి వాళ్ళు నలుగురు వచ్చారు. వాళ్ళూ ఆ చెట్టు కోసం లోలోపల కుమిలినవాళ్ళే, ఒకరికొకరు తెలియదంతే. కొత్త రోడ్డు పక్కన మొక్కలు నాటుకోవడానికి అనుమతి తెచ్చుకున్నారు. మా వెల్డరు వాటికి ఇనప కంచెలు చేసి ఇచ్చాడు. ఒక్కోదానికీ ఒక్కో వంకర. పిల్లా, దాని స్నేహితురాళ్ళూ వంతులేసుకుని నీళ్ళు పోస్తున్నారు. దీంతో అడవులు ఆరిపోవని దానికీ తెలుసు. "ఆరవు. కానీ చేతులు ఊరికే ఉంటే కడుపు నొప్పి ఎక్కువవుతుంది" అని తేల్చి చెప్పింది. నొప్పి పూర్తిగా పోలేదు, అప్పుడప్పుడూ వస్తోంది. వచ్చినప్పుడు చెబుతోంది. పక్కింటి వాళ్ళతో బంతి కోసం మళ్ళీ పెద్ద దావా నడుపుతోంది కాబట్టి నువ్వు బెంగపడక్కర్లేదు.

అక్క మళ్ళీ వార్తలు చదువుతోంది. ఒక్కోసారి మాట వణుకుతుంది, ఆగుతుంది, ఊపిరి తీసుకుని చదువుతుంది. ఎవరూ సంగీతం పెట్టడం లేదు. తన ఫ్లాటుకి వెళ్ళిపోతానంటే పిల్ల ఒప్పుకోవడం లేదు, నేనూ ఒప్పుకోవడం లేదు. నువ్వొచ్చి ఎటో తేల్చు.

ఇంత రాశాను గానీ, పిల్ల రేడియోలో మాట్లాడిన ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో చెప్పకుండా తప్పించుకుంటూ వచ్చాను. అది చెప్పకపోతే ఈ ఉత్తరమంతా దండగే.

నేను వచ్చేసరికి పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది. తిడతాననుకుందేమో, ముందే చేతులు కట్టుకుని సిద్ధంగా ఉంది. పక్కన కూర్చున్నాను. "నువ్వు చెప్పింది నిజమే" అన్నాను. "నాకు భయమే." ఆ మాట పైకి వచ్చాక దాని వెనకవి ఆగలేదు. మీ వైపు నర్సులు వెళ్తున్న పడవ తిరగబడిందని వార్త వచ్చింది గుర్తుందా? అందులో నువ్వు లేవని కబురు అందేదాకా నువ్వు ఇక బతికి లేవనే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. డిపోకి వెళ్ళాను, సీట్లు కుట్టాను, సూది బొటనవేలిలో దిగినా కాసేపటిదాకా తెలియలేదు. క్షేమమని తెలిశాక నాకు వచ్చింది సంతోషం కాదు, కోపం. నీ మీద. ఎవరి పిల్లలకో కట్లు కట్టడానికి నీ పిల్లని వదిలి వెళ్ళావని. వెళ్ళమని సంచీ సర్ది బస్సెక్కించినవాణ్ణి నేనే అయినా సరే, కోపం. అంత కోపం కడుపులో పెట్టుకుని నీకు ఇన్నాళ్ళూ బెండకాయల ధరలు రాశాను. అదంతా పిల్లకి చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను. అది నా ఏడుపు చూడడం అదే మొదలు.

అది నా బొటనవేలు తీసుకుని ఆ మచ్చ చూసింది.

"నాకూ కోపమే నాన్నా, అమ్మ మీద" అంది. మళ్ళీ తనే, "కానీ కట్టు కట్టేటప్పుడు అమ్మ ఊదుతూ కడుతుంది కదా. అక్కడ ఇంకెవరు అలా కడతారు?" అంది.

తల ఊపాను.

"అందుకని మనం కోప్పడుతూనే ఎదురుచూద్దాం. రెండూ ఒకేసారి చెయ్యొచ్చు. ఇది అత్త చెప్పలేదు, నేనే కనిపెట్టాను."

అప్పటి నుంచీ మేం రోజూ ఆ రెండు పనులూ చేస్తున్నాం.

ఇట్లు,
నీ లాయరమ్మ తండ్రి